బావ పిస్తోలు, నా జేబులో తూటాలు

మొన్న ఎల్బీనగర్‌లో చుట్టాల ఇంటి నిశ్చితార్థానికి వెళ్ళాను. ఫంక్షన్‌హాల్లో భోజనాల దగ్గర, వరుసకు నాకు అల్లుడయ్యే ఒకాయన, నలభై దాటినవాడే, ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని రెండో చేత్తో లాల్చీ పైకెత్తి, నడుముకు పెట్టుకున్న బుల్లి పిస్తోలును చుట్టూ ఉన్నవాళ్ళకు చూపించాడు. అంతటితో ఆగక, బెల్టుకున్న తోలుసంచీలోంచి తూటాలు నింపిన అదనపు మ్యాగజైన్లు రెండు తీసి, బరువెంతుందో చూడమని ఒకటి నా అరచేతిలో పెట్టాడు. నేను చూడనక్కర్లేదు, ఆ బరువు నాకు తెలుసు. దాన్ని తిరిగి ఇచ్చేసి చేయి కడుక్కోవడానికి వెళ్ళినవాణ్ణి, దానికి పూసిన నూనె వాసన వదలక, మళ్ళీ భోజనం దగ్గరికి రాలేకపోయాను. నగరం ఇటువైపు పెరగడం కళ్ళారా చూసిన నా ఈడువాళ్ళకైనా చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

ముప్పై రెండేళ్ళు వచ్చేదాకా మ్యాగజైన్ అంటే నాకు తెలిసింది వారపత్రిక ఒక్కటే. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి పుస్తకాలిచ్చే కొట్టు ఒకటి ఉండేది, మా ఆవిడ కోసం అక్కడి నుంచి వారం వారం సీరియళ్ళున్న పత్రికలు తెచ్చేవాణ్ణి. నల్లగొండ వైపు పల్లె వదిలి వచ్చి, కొత్తపేటలో ఒక గది తీసుకుని, పండ్ల మార్కెట్‌కు ట్రాలీ ఆటో తోలుకునే రోజులవి. ఎండాకాలమంతా ఒళ్ళు మామిడిపళ్ళ వాసన కొట్టేది. ఆ వాసనను అప్పట్లో విసుక్కునేవాణ్ణి, తరవాత అదెంత శుభ్రమైన వాసనో తెలిసింది.

మా ఆవిడ అన్నగారు, అంటే నాకు బావ, మాకంటే ముందే వచ్చి ప్లాట్ల వ్యాపారంలో స్థిరపడ్డాడు. ఆటో ఎందుకు, నా కారు తోలు అన్నాడు. చేరిన కొద్ది నెలలకే ఆయనకు పిస్తోలు లైసెన్సు వచ్చింది. అరచేతిలో ఇమిడిపోయే చిన్నది, తెల్లచొక్కా కింద నడుము దగ్గర పెట్టుకుంటే కనబడేది కాదు. దాంతోపాటు తూటాలు నింపిన మ్యాగజైన్లు ఇంకో రెండు. అవి ఆయన జేబులో ఎత్తుగా కనబడి ఇస్త్రీ మడత చెడగొడుతున్నాయని నాకిచ్చాడు. లైసెన్సు లేనివాడి జేబులో అవి ఉండటమే నేరమన్న మాట ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

వాటికోసం మా ఆవిడ జాకెట్టు గుడ్డ ముక్కతో నా బనియన్లకు లోపలివైపు జేబులు కుట్టింది. అన్న ప్రాణాలకేదో ముప్పుందని ఆమె భయం. పొద్దున్నే నేను బయలుదేరుతుంటే ఆ జేబు మీద చెయ్యి వేసి దేవుడికి దండం పెట్టేది. ఎండాకాలంలో చెమటకు తడిసి, ఇనుము ఒరుసుకుని, ఎడమ పక్కంతా దద్దుర్లు లేచేవి. మూడేళ్ళ కూతురు ఎత్తుకోమని వస్తే కుడివైపే ఎత్తుకునేవాణ్ణి. నాదర్‌గుల్ పొలాల్లో, నేర్చుకునేవాళ్ళ చిన్న విమానాలు నెత్తిమీద తిరుగుతుంటే, బావ కొనుగోలుదార్లకు హద్దులు చూపించేవాడు, నేను వెనక నిలబడేవాణ్ణి. రెండేళ్ళలో ఒక్క తూటా పేలలేదు. పేలలేదు కాబట్టి పాపమేమీ లేదనుకున్నాను.

మన్సూరాబాద్‌లో బావ వేసిన వెంచర్‌కు దారి కావాలంటే, ముందున్న రేకుల ఇల్లు పోవాలి. అందులో ఉండే ఆమె సర్కారు దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. క్రైస్తవులు. భర్త లేడు, కూతురు పురిటికి వచ్చి ఉంది. ఇల్లు అమ్మనని ఆమె మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి వెళ్తున్నప్పుడు బావ కార్లో అన్నాడు.

“నువ్వేం మాట్లాడకు బావా. కూసున్నంక గా రెండు తీసి టేబుల్ మీద పెట్టు, చాలు. నాది నేను తియ్య, లైసెన్సు పరేషాన్ ఉంటది.”

నాకు అర్థం కాలేదని ఇప్పుడు చెబితే నమ్మకండి. పూర్తిగా అర్థమైంది. పిల్లల బడి గుర్తొచ్చింది, నడుస్తున్న సంసారం గుర్తొచ్చింది, సరేనన్నాను.

పొద్దున పదిగంటల వేళ. ఆమె ముందు మంచినీళ్ళిచ్చి, తరవాత కూర్చుంది. బావ తేనె పూసినట్టు మాట్లాడుతున్నాడు. నేను చొక్కా గుండీలు విప్పి, నా ఒంటి వేడికి వెచ్చగా ఉన్న ఆ రెండింటినీ తీసి స్టీలు గ్లాసు పక్కన పెట్టాను.

“ఏంది బిడ్డా, సెల్లు బ్యాటరీలా?” అని ఆమె ఒకటి చేతిలోకి తీసుకుంది.

కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. పైన పచ్చగా మెరుస్తున్న తూటా కనబడింది. కాలే గిన్నెను దించినట్టు దాన్ని మెల్లగా దించింది. వంటింటి గుమ్మంలో కూతురు కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. పెద్దామె బావ వైపు చూడనే లేదు.

“నీది ఏ ఊరు బిడ్డా?” అని నన్నడిగింది.

చెప్పాను.

“మీ అమ్మ ఉన్నదా?”

“ఉన్నది.”

“మంచిగ చూసుకో” అంది. అంతే. వారం తిరగకుండా వచ్చి సంతకం పెట్టింది.

ఆ రోజు తిరిగి వస్తూ బావ దిల్‌సుఖ్‌నగర్‌లో కారు ఆపించి చాయ్ తాగించాడు. “చూసినవా, ఒక్క తూటా ఖర్చు గాలే” అని నా భుజం తట్టాడు. కప్పు నోటిదాకా వచ్చేసరికి రోడ్డు పక్కకు పోయి కక్కుకున్నాను. ఎండదెబ్బ అనుకున్నాడాయన.

ఇంటికొచ్చి మా ఆవిడకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె బనియన్లన్నీ ముందేసుకుని, బ్లేడుతో ఆ కుట్లు ఒక్కొక్కటే కోసి జేబులు ఊడదీసింది. మర్నాడు ఆ రెండింటినీ కవర్లో చుట్టుకుని, నన్ను రావద్దని, తానే అన్న ఇంటికి వెళ్ళింది. అక్కడ ఏమన్నదో తరవాత బావ భార్య చెప్పింది.

“అన్నా, నీ పానం మీద బుగులుతోని కుట్టిన. ఇంకొకల్లని బుగులు పెట్టనీకి గాదు.”

ఆ ఏడు రాఖీకి ఆమె అన్న గడప తొక్కలేదు, ఆ తరవాతా తొక్కలేదు. నేను మళ్ళీ ట్రాలీ ఆటో తోలుకున్నాను.

ఇక్కడితో ఆపితే నేను మారిన మంచివాడిలా కనిపిస్తాను. కానీ ఆ పెద్దామె ఇల్లు ఆమెకు తిరిగి రాలేదు. పోలీసులకు చెప్పాలని నాలుగైదుసార్లు బయలుదేరి, ముందు లోపల వేసేది నన్నేనని గుర్తొచ్చి, స్టేషన్ దగ్గరిదాకా పోయి వెనక్కి వచ్చాను. పాపానికి కాదు, జైలుకు భయపడ్డాను. బావ మీద కలిగిన అసహ్యం ఆయన పోయాక కొంత తగ్గింది. నా మీదది తగ్గలేదు.

కొన్నేళ్ళ తరవాత కొత్తపేట రైతుబజార్లో ఆమె కనిపించింది. పక్కన ఐదారేళ్ళ మనవరాలు. ఎక్కడ ఉంటున్నారని అడిగితే, కిరాయి ఇంట్లో అంది. ఆ రోజు నేను చేసింది, అని ఏదో మొదలుపెట్టాను. ఆమె నా మాటలు వింటున్నట్టే ఉంది కానీ చూపు మాత్రం నా చొక్కా గుండీల మీద ఉంది. మాట పూర్తికాకముందే మనవరాలి రెక్క పట్టి తన వెనక్కు లాక్కుంది. కూరగాయల సంచీ సర్దుకుని జనంలో కలిసిపోయింది.

ఇప్పుడు మన్సూరాబాద్‌లో ఆమె ఇల్లున్న వీధిలో ఐదంతస్తుల అపార్టుమెంట్లు నిలబడ్డాయి. గేటు దగ్గర వాచ్‌మన్ పేరు రాయించుకుంటాడు, ఎవరికోసం వచ్చావంటాడు, పైనుంచి కెమెరా చూస్తుంది. తలుపు సందులోంచే మాట్లాడి పంపిస్తారు. ఆ రోజుల్లో ఎవరో కనుక్కోకముందే లోపలికి పిలిచేవాళ్ళు, మనుషుల్లో నమ్మకం ఏమైపోయిందో అని సాయంత్రం పార్కులో నా ఈడువాళ్ళు వాపోతుంటారు. నేను తల ఊపను. తక్కిన తలుపుల సంగతి నాకు తెలియదు కానీ, ఒక్క తలుపు మాత్రం నా చేతుల మీదుగానే మూసుకుంది.