దసరా మరునాడు డిస్కు రాయనంది

లారీ దిగగానే ఊపిరి అందలేదు. ఎనభైల చివర, లడఖ్‌లో సైన్యం వారి ఒక సరఫరా డిపో. చుట్టూ గడ్డిపోచ లేని కొండలు. మాది ఆస్పరి దగ్గర మెట్ట పల్లె, మంచు ఎరగను. రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడిగినా పాదాలు మొద్దుబారేవి. నాకు జనరేటర్ డ్యూటీ.

ఆ కరెంటుతో ఒక కంప్యూటర్ నడిచేది. పక్కన లెక్కలు దాచే, బీరువా అంత డిస్కు పెట్టె. పై పోస్టుకు పోయే ప్రతి సరుకూ అందులో ఎక్కాలి, ఎక్కితేనే చీటీ అచ్చయి వచ్చేది. చీటీ లేనిదే బండి కదలకూడదు. దాన్ని నడిపేది హవల్దార్ వీరేశప్ప, ఎమ్మిగనూరు మగ్గాల ఇంటివాడు. పై పోస్టులో రేడియో మీద ఆదోని ఖాదర్.

దసరా నాడు పనిముట్లు ఆడించకూడదు. వీరేశప్ప డిస్కును కంప్యూటర్ నుంచి విడదీసి, అన్నీ ఆపి, ఇంట్లో మగ్గానికి పెట్టినట్టే అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టాడు. మరునాడు పొద్దున మళ్లీ కలిపాడు. తెర మీద హెచ్చరిక వచ్చింది. నాకప్పటికి ఇంగ్లీషు అక్షరాలు రావు, ఆయనే చదివాడు. డిస్కును చదవవచ్చు, అందులో రాయడానికి వీల్లేదు.

"ఏమన్నా, పూజ సాల్లేదంటనా దానికి?" అన్నాను.

"నవ్వకప్పా. మొన్న బాగానే ఉన్నింది. నీ జనరేటర్ కరెంటు ఏమన్నా ఎగిరిందా?"

"యాడ ఎగిరింది? నిన్నంతా పండుకొనే ఉన్నింది."

విడదీశాడు, కలిపాడు. అదే హెచ్చరిక. తనిఖీ ప్రోగ్రాము నడిపాడు. తప్పేమీ లేదంది. కలిపితే మళ్లీ అదే. తీగలన్నీ పీకి, తుడిచి పెట్టాం. బయట పై పోస్టుకు పోవాల్సిన కిరోసిన్ లారీ ఇంజను నడుస్తూనే ఉంది. పోస్టుకు దారైన కనుమ మీదికి మబ్బు దిగుతోంది. కెప్టెన్ గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. చేతిరాత చీటీ ఇచ్చి పంపమన్నాను. పై ఆర్డరు లేదన్నాడు.

రేడియోలో ఖాదర్: "అన్నా, కిరోసిన్ అడుగంటింది. పొయ్యి ఆరిపోతాంది. బండి యాడుంది?"

"ఈడనే ఉందప్పా. చీటీ రాలేదు," అన్నాడు వీరేశప్ప.

"అయితే చీటీలే పంపు. అవే కాల్చుకుంటాం."

మధ్యాహ్నం దాటాక, ఏం చేయాలో తోచక వీరేశప్ప డిస్కు పెట్టెను తడిగుడ్డతో తుడిచాడు. ఎండిన గంధం కింద ఎర్ర దీపం వెలుగుతోంది. డిస్కులో రాతను ఆపే మీట దీపం అది. బొట్టు పెడుతూ ఆ మీటను లోపలికి నొక్కేశాడు. దాని దీపాన్ని గంధం కప్పేసింది. మీట లేపి, డిస్కు కలిపాడు. హెచ్చరిక రాలేదు.

"నా సేత్తోనే నొక్కినానప్పా," అన్నాడు. చీటీ అచ్చు వేసి, తనే పరుగెత్తి లారీ డ్రైవరుకు ఇచ్చాడు.

లారీ సగం దారి పోయేసరికి మంచుతో కనుమ మూసుకుపోయింది. కిరోసిన్‌ను మరునాడు మనుషులు వీపుల మీద మోసుకుపోయారు. అంతకుముందు రాత్రంతా పోస్టులో పొయ్యి వెలగలేదు. చలికి ఖాదర్ ఎడమచేతి వేళ్లు నల్లబడ్డాయి. ఆసుపత్రిలో నాలుగు తీసేశారు.

వేసవిలో ఖాదర్, నేను కలిసి ఆదోని స్టేషన్‌లో దిగాం. ఎండ మండుతోంది. ఆయన కూతురు పరుగెత్తుకొచ్చి ఎడమ పక్కన నిలబడింది. నాన్న చిటికెన వేలు పట్టుకుని నడవడం ఆ పిల్లకు అలవాటు. జనాన్ని చూస్తూనే చెయ్యి పైకి చాపింది. వేలి కోసం గాలిలో వెతికింది. తరువాత తలెత్తి చూసింది.

ఖాదర్ పెట్టె కింద పెట్టి, కుడిచెయ్యి ఇచ్చాడు.