బంతిమడిలో దొర

ఇప్పుడంటే కొంపల్లిలో పక్కింటివాళ్ళతో తగువు పడాలన్నా ముందు వాట్సాప్ గ్రూపులో రాయాలి, దాని కింద నలుగురు దండం బొమ్మలు పెట్టాలి, ఆఖరికి సెక్యూరిటీ అతను వచ్చి "మేడమ్, వాళ్ళు అట్ల అనలేదంట" అని రాయబారం నడపాలి. మేము అలియాబాద్‌లో ఉన్న రోజుల్లో ఇంత తతంగం లేదు. ప్రహరీ గోడ మీద తల కనపడిందంటే తగువు మొదలైనట్టు, తలతో పాటు కూరగిన్నె కూడా కనపడిందంటే తగువు అయిపోయినట్టు. నాకప్పుడే మేడ్చల్ దగ్గర ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. (సూపర్‌వైజర్‌నని చెప్పుకునేదాన్ని. విరిగిన బిస్కెట్లు ఏరి పక్కన పెట్టడం నా పని.) పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే దీపాలు పెట్టాకే ఇల్లు. ఇంట్లో మా అవ్వ, అవ్వకు తోడు ఒక పిల్లి.

ఆ పిల్లిని మేము తెచ్చుకోలేదు. ఒక వానాకాలం అదే వచ్చి, ఇల్లంతా తిరిగి చూసుకుని, ఉన్న ఒక్క మంచి కుర్చీ తనకు నచ్చిందని తేల్చుకుని ఉండిపోయింది. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి మీసాలు, ఎంత పిలిచినా తనకు బుద్ధి పుడితే తప్ప తల తిప్పని పొగరు. ఆ నడక చూసి అవ్వే "దొర" అని పేరు పెట్టింది. నేను డ్యూటీకి పోయాక అవ్వ పగలంతా మాట్లాడేది దొరతోనే. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తన పెళ్ళినాటి సంగతులన్నీ దానికి చెప్పేది. నేను ఇల్లు చేరేసరికి, "ఇయ్యాల దొరకు మనసు మంచిగ లేదే పిల్లా, పాలు ముట్టలే" అని దాని తరఫున నాకు నివేదిక. మనవరాలి ఆకలి సంగతి ఆ తరవాత. నేను ఉడుక్కునేదాన్నే గానీ, అది ఇంట్లో ఉందన్న ధైర్యంతోనే రోజూ బస్సెక్కేదాన్ని.

గోడకు అవతల పెద్దమ్మ, మిల్ట్రీ పెద్దబాపు ఉండేవాళ్ళు. చుట్టరికం లేదు, పిలుపుల వరకే. పెద్దబాపు పటాలంలో లారీ నడిపి రిటైరై వచ్చాడు. (యుద్ధం చూశావా అని అడిగితే, ఉల్లిగడ్డల లోడుతో మంచుకొండలెక్కిన కథ చెప్పేవాడు. ప్రతిసారీ కొండ కొంచెం పెరిగేది.) పెద్దమ్మ ఇంటిముందు బంతిపూల మడి పెంచేది. బతుకమ్మ పండుగకు గునుగు, తంగేడు ఎక్కడెక్కడి బీళ్ళలోనుంచో ఏరుకొచ్చుకున్నా, బంతిపూలకు మాత్రం మా గల్లీ అంతా ఆమె మడి మీదే ఆధారం. స్నానం చేయనిదే ఆ మడిలో అడుగు పెట్టేది కాదు, చెప్పులు గట్టు బయటే విడిచేది. మట్టిని జల్లెడ పట్టి, పిండిలాగా మెత్తగా చేసి, నీళ్ళు చిలకరించి ఉంచేది. దొర పొద్దుటి పనికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరు మాత్రం చేయగలరు?

"ఓ పిల్లా! నీ దొర మల్ల ఒచ్చి పోయిండు సూడు! అమ్మవారికి పెట్టే పూలే గివి! బుద్ధేమన్న ఉన్నదా మీకు?" అని పెద్దమ్మ తల రోజూ గోడ మీద లేచేది. ఆ తలతో పాటు కూరగిన్నె ఎన్నడూ లేవలేదు. నేను పళ్ళు తోముకుంటూనే, "మా దొర అసొంటోడు కాదు పెద్దమ్మా, వేరే పిల్లేమో" అనేదాన్ని. సరిగ్గా అప్పుడే దొర వాళ్ళ గోడ దిగి, కాళ్ళకున్న తడిమట్టి దులుపుకుంటూ మా వాకిట్లోకి వచ్చేవాడు. వకీలు నోరు తెరిచిన క్షణానే వచ్చే ముద్దాయిని నేను వాడినొక్కణ్ణే చూశాను.

పెద్దబాపు రంగంలోకి దిగాడు. కుక్కలు రాకుండా గేటుకు నీలం నీళ్ళ సీసా కట్టడం మన దగ్గర మామూలే. (దాన్ని చూసి భయపడ్డానని ఏ కుక్కా ఇంతవరకు ఒప్పుకోలేదు.) ఆయన పిల్లికీ అదే మందన్నాడు. నీలిమందు కలిపిన నీళ్ళ సీసాలు మడి చుట్టూ తోరణంలా వేలాడదీశాడు. "గిది మిల్ట్రీ బందోబస్తు. చీమ గూడ దూరది" అన్నాడు. మర్నాడు దొర ఆ సీసాలకు వీపు రుద్దుకుంటూ, దురద తీరిన సుఖంతో కళ్ళు మూసుకుని ఉండగా గల్లీ అంతా చూసింది. పైగా ఆ వారం ఊళ్ళో పిల్లులన్నీ అక్కడికే రావడం మొదలుపెట్టాయి. నల్లది, చారలది, ఒక చెవి లేనిది, అన్నీ హాజరే. అయినా పేరున్న పిల్లి దొర ఒక్కడే కాబట్టి కేసంతా మా మీదే. నేను ఒక పొద్దున తలుపులన్నీ వేసి వాణ్ణి లోపలే ఉంచాను. అయినా మడిలో సాక్ష్యం ఉంది. "కిటికీలకెల్లి దుంకి ఒచ్చింటడు" అంది పెద్దమ్మ. మా కిటికీకి జాలీ ఉందన్నా వినలేదు.

బతుకమ్మ మొదలయ్యాక ఆమె చివరి మాట చెప్పేసింది. ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మకు పూలు తెంపేలోపు దొర ఊరు విడవాలి. కౌకూర్‌లో పెద్దబాపు పాత దోస్తుకు కోళ్ళ షెడ్డు ఉంది, ఎలుకలతో పరేషాన్ అవుతున్నాడు, అక్కడ వదిలేస్తారు. నేను ఏడుపు ముఖంతో అవ్వ వైపు చూశాను. అవ్వ ఎవరితోనూ వాదించలేదు. "పండుగ పూట పక్కింటి ఆడిదాన్ని ఏడ్పియ్యొద్దు, తీస్కపోనియ్యి" అని మాత్రం అంది. ఆ రెండు మూడు రోజులు చిక్కుడుకాయల ముందు కూర్చుందే గానీ, ఒక్క కథా చెప్పలేదు. 

సద్దుల నాటి పొద్దున పెద్దబాపు యూరియా సంచితో వచ్చాడు. దొరను సంచిలో వేసేముందు అవ్వ అరిటాకులో పెరుగుబువ్వ పొట్లం కట్టి తెచ్చింది. "కౌకూర్ల బువ్వ దొరుకుతదో లేదో. కారం పెట్టకుండ్రని చెప్పు బిడ్డా" అని పొట్లం ఆయన చేతిలో పెట్టింది. మంచుకొండలెక్కిన మనిషి అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. సంచి మూతికి తాడు కట్టి, "మిల్ట్రీ ముడి! ఏనుగు గూడ ఊడబీక్కోలేదు" అని స్కూటర్ ముందర పెట్టుకున్నాడు. నేనూ వెనక ఎక్కాను. వాళ్ళ వాకిట్లో పెద్దమ్మ, గల్లీ ఆడవాళ్ళు బతుకమ్మ పేర్చే సిబ్బి పళ్ళాలు పట్టుకుని పూలు తెంపడానికి నిలబడ్డారు. పెద్దబాపు కిక్కు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆ స్కూటర్ ఎప్పుడూ తొందరపడి స్టార్టయ్యేది కాదు. ఆయన చెమటలు కక్కుతుంటే, ముడి చెక్కుచెదరలేదు గానీ సంచి అడుగు పర్రున చిరిగింది.

దొర బయటపడ్డాడు. ఇంటికి పరుగెత్తుతాడనుకున్నాను. లేదు, గోడ దూకి, సీసాల మధ్యనుంచి సూటిగా బంతిమడిలోకి పోయాడు. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. పెద్దమ్మ చీపురు ఎత్తింది. దొర అదేమీ పట్టించుకోకుండా ఒక మొక్క మొదట్లో రెండు కాళ్ళతో గబగబా తవ్వి, లోపలినుంచి ఒకటి బయటికి లాగాడు. దాన్ని నోట కరుచుకుని, అందరికీ కనపడేలా తల ఎత్తి నిలబడ్డాడు. అది చేప తోక. దాని వెనకే ముల్లూ వచ్చింది.

పెద్దమ్మ ఎత్తిన చీపురు అట్లాగే ఆగిపోయింది. ఆమె మెల్లగా పెద్దబాపు వైపు తిరిగింది. "ఏందయ్యా గిది?"

ఆయన స్కూటర్ మీదనుంచి దిగలేదు. అప్పుడే స్టార్టయితే కౌకూర్ దాకా ఒక్కడే పోయేవాడేమో. "అదీ... ఎరువే. శామీర్‌పేట చెర్వు చేపలు గద, కడిగిన నీళ్ళు, పొలుసు, గట్లనే ముండ్లు... పారబోసుడెందుకని మొదట్ల బొందవెట్టిన. పూలు సూడరాదు, తలకాయంత అయినయ్!" అన్నాడు. పండుగకు ముందు ప్రతి ఆదివారం తానే చేపలు కడిగి, గల్లీ చివర పారబోసి వస్తానని చెప్పి, భార్య స్నానం చేసి అడుగుపెట్టే మడిలో ఆయన చేసిన పని ఇది. ఊళ్ళో పిల్లులన్నిటికీ చీటీ పంపినట్టే పంపి, చుట్టూ నీలం సీసాలు కట్టాడు!

ఇక బతుకమ్మ లేదనుకున్నాం. నీసు తగిలిన మడి పూలు అమ్మవారికెట్లా పెడతారు? వేరే పూలు తేవడానికి వేళ దాటిపోయింది. అందరూ పెద్దమ్మ ముఖమే చూస్తున్నారు. ఆమె చాలాసేపు బంతిపూల వంక చూసింది. నిజంగానే అంత పెద్ద పూలు ఆ మడిలో ఎన్నడూ పూయలేదు. తరవాత లోపలికి పోయి, చెంబులో పసుపునీళ్ళు తెచ్చి మడి మీద చిలకరించింది.

"చేప గా చెర్వుదేనాయె. బతుకమ్మ పోయేది గూడ గా చెర్వుకేనాయె. నడుమల మనమేం లొల్లి జేస్తం? తెంపుండ్రి" అంది. ఆపైన మొగుడి వైపు తిరిగి, "ఇగ రోజు పొద్దుగాల గీ మడి సాఫ్ జేసుడు నీ డ్యూటీ" అంది. పెద్దబాపు స్కూటర్ మీదే సెల్యూట్ కొట్టాడు. ఆడవాళ్ళ నవ్వులకు దొర కూడా ఒకసారి తల తిప్పి చూశాడు. ఆ ఏడు మా గల్లీ బతుకమ్మ అందరికన్నా ఎత్తుగా లేచింది. సాయంత్రం గోడ మీద తల లేచింది, తలతో పాటు రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దల గిన్నె కూడా. "దొరకు గూడ పెట్టు అత్తా" అంది పెద్దమ్మ. అవ్వ ముద్ద చిదిమి దొర ముందు పెట్టి, తన పెళ్ళినాటి సంగతి ఆపిన చోటినుంచి మొదలుపెట్టింది. నాకు ఎక్కడలేని ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

దొరా లేడు, అవ్వా లేదు. ఇప్పుడు కొంపల్లిలో మా ఇంటిముందు చాపంత నేలలో నేనూ బంతి వేశాను. పక్కింట్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి, ఆమెకొక తెల్ల పిల్లి. మొన్న మట్టిలో సాక్ష్యం చూసి, గ్రూపూ సెక్యూరిటీ మరిచిపోయి, గోడ మీదనుంచి తల పెట్టి, "ఓ పిల్లా! నీ పిల్లి మల్ల ఒచ్చింది సూడు!" అని అరిచాను. ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలిసిపోయింది. ఆ అమ్మాయి బ్రష్ నోట్లోనుంచి తీసి, "మా చిట్టి అట్లాంటిది కాదు ఆంటీ" అంది. చిట్టి మా గోడ దిగి, కాళ్ళు దులుపుకుంటూ వాళ్ళ వాకిట్లోకి పోతోంది.

ఆంటీ అన్నందుకు కాస్త గుచ్చుకుంది. లోపలికి వచ్చాను. ఆదివారం కదా, చేపలు కడిగిన నీళ్ళ గిన్నె సింకు పక్కనే ఉంది. అటూ ఇటూ చూసి, దాన్ని తీసుకుపోయి బంతిమొక్కల మొదట్లో పోశాను. తల ఎత్తితే గోడ మీద చిట్టి కూర్చుని ఉంది. "ముందు నన్ను లోపలికి పోనియ్యవే" అన్నాను.