మళ్లీ వెదురు విల్లుకు

ఆ రోజు రాష్ట్ర జట్టు సెలెక్షన్లు. డెబ్బై మీటర్ల లైను మీద నిలబడి విల్లు లాగాను. క్లిక్కర్ టిక్‌మంది. క్లిక్కర్ అంటే విల్లుకు బిగించే సన్నటి రేకు. బాణాన్ని సరిపడా లాగగానే చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడుకు వేళ్లు వదిలేయాలి. ఏళ్ల తరబడి నా వేళ్లు వాటంతటవే వదిలాయి. ఆ రోజు వదల్లేదు. ఎదురుగా పసుపు వృత్తం, గడ్డానికి ఆనిన నారి. ఎంతసేపని పట్టుకోను? దించాను. మళ్లీ లాగాను. మళ్లీ అంతే. టైమ్ అయిపోయిందని హారన్ మోగేసరికి నడుముకున్న అంబులపొదిలో బాణాలు మిగిలే ఉన్నాయి.

పక్క లైనులో అమ్మాయి జాలిగా చూసింది. నాకు ఏడుపు రాలేదు, సిగ్గు కూడా అనిపించలేదు. విల్లు విప్పి పెట్టెలో సర్దుకుని బస్సెక్కాను. మా బన్సీలాల్‌పేట్ స్టాపు దాటిపోయాక గాని లేవలేదు.

"ఏందే, గిట్ల కూసున్నవ్? ఓడిపోయినవా?" అంది అమ్మ.

"ఓడిపోలే. కొట్టనే లేదు."

"చెయ్యి నొస్తుందా?"

"లేదు."

అన్నం పెట్టింది. తిన్నాను. ఏం కూరో తెలియలేదు.

డాక్టరు వేళ్లకు సూది గుచ్చి చూశాడు. చురుక్కుమంది. నరాలు బాగానే ఉన్నాయన్నాడు.

మాకు నేర్పించే మేడమ్‌ది కోస్తా. పెళ్లై వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడ్డారు, అక్కడికి దగ్గర్లోనే మా గ్రౌండు. పెవిలియన్ మెట్ల మీద నా పక్కన కూర్చుని, "దీన్ని టార్గెట్ పానిక్ అంటారమ్మా. నీ ఒక్కదానికే కాదు, నాకూ వచ్చింది," అన్నారు.

"మీకెట్ల పోయింది మేడమ్?"

"పోలేదు. అందుకేగా కోచ్‌నయ్యాను."

మరుసటి రోజు నుంచి టార్గెట్ కాగితం తీసేసి, ఉత్త గడ్డి దిమ్మకు దగ్గరగా నన్ను నిలబెట్టారు. కళ్లు మూసుకుని కొట్టమన్నారు. బాణాలు వెళ్లాయి. కాగితం అంటించగానే వేళ్లు బిగుసుకున్నాయి. వానాకాలం మొత్తం అదే తంతు. విసుగు కూడా పుట్టలేదు.

ఒకసారి టీ తాగుతూ మేడమ్, ఒలింపిక్స్‌లో విలువిద్య సుమారు యాభై ఏళ్లు లేకుండా పోయిందని చెప్పారు. ఒక్కో దేశానిది ఒక్కో రూలట. అందరూ ఒకే పద్ధతికి ఒప్పుకున్నాకే తిరిగి పెట్టారట. నన్ను ఓదార్చడానికే చెబుతున్నారని తెలుసు. తల ఊపాను.

చలి మొదలయ్యాక ఒక పొద్దున స్టోర్ గదిలోంచి వెదురు విల్లు తెచ్చి నా చేతిలో పెట్టారు. స్కూల్లో అందరం దాంతోనే మొదలుపెట్టాం. దానికి క్లిక్కర్ ఉండదు, గురి చూసే సైటూ ఉండదు. పోటీ యాభై మీటర్లు దాటదు, దేశమూ దాటదు. కాస్త చెయ్యి తిరిగినవాళ్లు దాన్ని వదిలేసి ఒలింపిక్స్‌లో వాడే రికర్వ్ విల్లుకు మారతారు. వెనక్కి వచ్చినవాళ్లు నాకు తెలిసి లేరు.

"ఇజ్జత్ పోతది మేడమ్."

"ఎవరి దగ్గర?"

ఒక్క మనిషి కూడా గుర్తుకు రాలేదు. లాగాను. బాణం ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఎరుపు వలయం అంచున దిగింది, టార్గెట్ కాగితం మీదే. మేడమ్ ఇంకో బాణం అందించారు.

ఆ వేసవిలో రాష్ట్ర స్థాయి వెదురు విల్లు పోటీల్లో మూడో స్థానం వచ్చింది. నా పోటీ చూడటానికి అమ్మ రావడం అదే మొదటిసారి. మెడల్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఖుషీ అయిందా బిడ్డా?"

"తెల్వదమ్మా. ఆకలైతుంది."

గేటు బయట బండి దగ్గర ఇద్దరం నిలబడి ఇడ్లీ తిన్నాం. కారం పొడి ఇంకొంచెం వేయమని బండాయనకు నా తరఫున అమ్మే చెప్పింది.

తర్వాతి వారం రికర్వ్ విల్లును క్లబ్బుకు అప్పజెప్పాను. ఇప్పటికీ ఆదివారాలు గ్రౌండుకు వెళ్తాను. కొన్ని ఆదివారాలు బాగుంటుంది. చాలా ఆదివారాలు ఏమీ అనిపించదు. మేడమ్ బాణం అందిస్తారు, నేను లాగుతాను.