బొంగురు గొంతును నమ్మని మనిషి

మొన్న డబ్బింగ్ థియేటర్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. అద్దం అవతల కొత్తగా వచ్చిన నటుడొకాయన విలన్‌కు గొంతిస్తున్నాడు. ఇసుక మీద తలుపు ఈడ్చినట్టున్న ఆ నవ్వు వినగానే పక్కనున్న దర్శకుడు తొడ చరిచి, "అబ్బ, ఏం గొంతండీ, పండిపోయింది!" అన్నాడు. ఆ మాట ఎక్కడ విన్నా నాకు శకుంతలమ్మ గుర్తొస్తుంది.

శకుంతలమ్మ అప్పట్లో మా డబ్బింగ్ ఇన్‌చార్జ్. తమిళ సినిమా తెలుగులోకి వస్తుంటే ఏ పాత్రకు ఎవరి గొంతు నప్పుతుందో తేల్చేది ఆవిడే. తాతల కాలం నుంచీ ఈ తమిళ నగరంలోనే, చింతాద్రిపేటలో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. నేనేమో వేషాల కోసం తెనాలి నుంచి వచ్చి, అవి దొరక్క గొంతు మీద బతుకుతున్నవాణ్ణి. ఆవిడకు అన్నీ అనుమానాలే. కాఫీ తెస్తే పాలు ఎప్పటివని అడిగేది. ఆటోవాడు దగ్గరి దారి అంటే ఇంకో దారిలో పొమ్మనేది. దేవుడు ప్రత్యక్షమైనా గుర్తింపు కార్డు చూపించమంటుందని మేం వెనకాల నవ్వుకునేవాళ్లం.

మా వృత్తిలో వాళ్లు గొంతును పసిపిల్లలా చూసుకుంటారు. ఐసు నీళ్లు తాగరు, పెరుగు ముట్టరు, మిరియాలూ పటికబెల్లమూ జేబులోనే ఉంటాయి. కానీ విలన్ డైలాగు ఉందంటే గొంతు గరుకెక్కాలని బయటికెళ్లి సిగరెట్ కాల్చి వచ్చి మైకు ముందు నిలబడటం మాలో మామూలు. నేనూ అంతే. నా గొంతు బొంగురుపోయిన ఏడాదే నా దశ తిరిగింది. వరసగా విలన్లే దొరికారు. మనిషికి జబ్బు చేస్తే పాత్రలు పెరగడమేమిటని ఒక్కరికీ అనుమానం రాలేదు, నాకసలే రాలేదు.

శకుంతలమ్మకు వచ్చింది. ఒకరోజు టేక్ మధ్యలో ఆపేసి లోపలికి వచ్చింది.

"నీ గొంతు ఎప్పుట్నించి ఇట్టుండాది?"

"పండిందమ్మా, అందరూ మెచ్చుకుంటున్నారు."

"పండేదానికి అదేమన్నా మామిడికాయా? పోయి డాక్టరుకు చూపిచ్చుకో. చూపిచ్చుకునేదాకా ఈడ మైకు ముందర నిలబడబాక."

ఆ పాత్ర ఆవిడ చెల్లెలి కొడుక్కి వెళ్లింది. అతనూ విలన్లకే చెబుతాడు. ఇంకేముంది, నాకు మొత్తం అర్థమైపోయిందనుకున్నాను. అక్కసుతో, ఆవిడ అబద్ధం బయటపెట్టాలనే గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి తెరమీద రెండుసార్లు చూశాడు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపించాడు. స్వరతంతువు మీద క్యాన్సర్ అని తేలింది. నాకు మొదట చావు భయం కలగలేదు, గొంతు పోతుందన్న భయమే కలిగింది. గొంతు లేకపోతే ఈ ఊళ్లో నేనెవరిని?

ఎందుకొచ్చిందో చెప్పడానికి మాత్రం అందరూ తయారే. దిష్టి అన్నారు, అరుపుల డైలాగులన్నారు, ఇక్కడి నీళ్లన్నారు. వాషర్‌మెన్‌పేట్ నుంచి ఒకాయన ఏదో పొడి తెచ్చి, కత్తి తగిలితే జబ్బు పాకుతుంది, ఇది వాడితే ఖాయంగా పోతుందన్నాడు. నేను ఆశగా చెయ్యి చాచాను. అప్పటికి నన్ను చూడ్డానికి వచ్చి ఉన్న శకుంతలమ్మ అడ్డుపడింది.

"ఇందులో ఏముండాది?"

"అది చెప్పకూడదమ్మా."

"దీంతో ఎవురికన్నా తగ్గకుండా పోయిందా?"

"అందరికీ తగ్గింది."

"జలుబు మందే అందరికీ పన్జెయ్యదు గదప్పా. నువ్వు ఎత్తుకోని బయల్దేరు."

మర్నాడు నాతోపాటు ఆసుపత్రికి వచ్చి డాక్టర్నీ అలాగే నిలదీసింది. ఆయన విసుక్కోలేదు. ఒంట్లో కణాలు పెరగాల్సినంత పెరిగి ఆగుతాయనీ, నా గొంతులో కొన్ని ఆగడం మరిచిపోయాయనీ చెప్పాడు. పొగాకు మీదే ఎక్కువ అనుమానమనీ, అయినా కాల్చేవాళ్లందరిలో నాకే ఎందుకొచ్చిందో తేల్చలేననీ అన్నాడు. ఇంకా పాకలేదు కాబట్టి రేడియేషన్‌తో నయమయ్యే అవకాశం బాగా ఉందనీ, మాట మాత్రం ఇవ్వలేననీ అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. బయటికొచ్చాక శకుంతలమ్మ మాత్రం తేలిగ్గా ఊపిరి తీసుకుంది.

"తెలీంది తెలీదన్నాడు సూడు, ఈయన కాడే చేపిచ్చుకో."

వారాల తరబడి రేడియేషన్‌కు, తల కదలకుండా ముఖానికి అచ్చు బిగించి బల్లమీద పడుకోబెట్టారు. గొంతు లోపలంతా కాలినట్టై పెరుగన్నం మింగడానికి కళ్లనీళ్లు వచ్చేవి. ఆఖరి రోజున ఆవిడ తాటి ముంజలు తెచ్చింది. తొక్క తీసి చేతికిస్తూ, నేనేమీ అడక్కుండానే చెప్పింది.

"మా ఆయన గూడా విలన్లకే చెప్పేవాడబ్బయా. గొంతు బొంగురుపోతే భలే పండిందని సంబరపడి నేనే పాత్రలిప్పిచ్చినా. మెడలో గడ్డ కనపడేసరికి అంతా అయిపోయుండాది. అప్పుట్నించి ఎవురేం బాగుందన్నా నమ్మలేను."

ముంజ పక్కన పెట్టి ఆవిడ చెల్లెలి కొడుకు సంగతి ఎత్తాను, ఎంతైనా మనసులో ముల్లు ఉండిపోయింది.

"వాణ్ణి నీకంటే ముందే డాక్టరు కాడికి పంపిచ్చినా. వాడికి ఏం లేదు. నీకుండాది," అంది.

శకుంతలమ్మ పోయి కొన్నేళ్లయింది. నిద్రలో గుండె ఆగిందన్నారు. ఎందుకాగిందని గట్టిగా అడగడానికి ఆవిడ లేదు. నా గొంతు మిగిలింది, మునుపటి పదును లేకపోయినా. సిగరెట్ మానేశాను. ఇప్పటికీ ఏడాదికోసారి పరీక్షకు వెళ్తాను, బాగుందని చెబితే మరోసారి చూడమంటాను. ఇప్పుడు ఆవిడ కుర్చీలో కూర్చునేది నేనే.

మొన్న టేక్ మధ్యలో ఆపించి లోపలికి వెళ్లాను. ఈ గొంతు ఎప్పటినుంచి ఇలా ఉందని ఆ నటుణ్ణి అడిగాను. డాక్టరుకు చూపించుకునేదాకా ఈ మైకు ముందు నిలబడనివ్వనన్నాను. పాత్ర నీకోసమే ఉంచుతాననీ చెప్పాను. ఆయన నావంక ఎగాదిగా చూశాడు. ఈ పాత్ర ఎవరికి కట్టబెట్టాలని చూస్తున్నానో ఆరా తీస్తున్న చూపు అది. ఒకప్పుడు అచ్చం అలాగే చూసినవాణ్ణి నేను. నన్ను ఆయన నమ్మక్కర్లేదు. అక్కసుతోనైనా సరే, డాక్టరు దగ్గరికి వెళ్తే చాలు.