కళ్ళు మూసుకుని ఆడిన బేరం

ఇల్లు కొనేటప్పుడు మోసపోయినవాళ్ళ కథలు మీరు చాలానే విని ఉంటారు. దొంగ కాగితాలు, ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మడం, అలాంటివి. నా కథలో అలాంటి దుర్మార్గులెవరూ లేరు. అందరూ దైవభక్తులే. బేరం కూడా పట్టపగలు, టీ బిస్కట్ల ముందు, ఎంతో మర్యాదగా జరిగింది. అయినా నేను నిండా మునిగాను. ముంచింది ఎవరో కాదు, నా నోరే. పైగా ఆ నోరు ఆ సమయంలో చాలా పవిత్రమైన పనిలో ఉంది. అదెలాగో చెబుతాను. నవ్వితే నవ్వారు గానీ, జాలి మాత్రం పడకండి.

తొంభైల్లో మేం బందరులో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. మావారు ప్రభాకర్ ఒక ఆఫీసులో గుమాస్తా. నేను చిన్నపిల్లల బళ్ళో టీచర్ని. ఇంటి ఓనరమ్మ మంచిదే కానీ, గోడకు మేకు కొడితే తన గుండెకు కొట్టినట్టు విలవిల్లాడిపోయేది. అందుకని క్యాలెండర్ని కుర్చీలో కూర్చోబెట్టి తారీఖు చూసుకునేవాళ్ళం. నాకు సొంతిల్లు అంటే మేడలూ మిద్దెలూ కాదు. ఒక సుత్తి, నాలుగు మేకులు, వద్దనేవాళ్ళు లేని ఒక గోడ. బళ్ళో పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఆ గోడకు రంగులు వేసుకునేదాన్ని. ఏడో ఎక్కం తప్పు చెప్పినా 'గుడ్' అనేదాన్ని.

ఆ రోజుల్లో మార్తమ్మగారి ఇల్లు అమ్మకానికి వచ్చిందని చర్చిలో తెలిసింది. ఆవిడ రిటైరైన టీచరమ్మ, ఒంటరి మనిషి. అవనిగడ్డలో ఉన్న చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోయి ఇద్దరూ కలిసి ఉందామనుకున్నారట. మంగినపూడి వెళ్ళే దారిలో, ఊరి చివర, రెండు గదుల పెంకుటిల్లు. ఆవిడ చెప్పిన ధర రెండు లక్షల పాతిక వేలు.

మా దగ్గర ఉన్నదంతా ఊడ్చి, దులిపి, గీకితే లక్షా ఎనభై. అందులో నా గొలుసూ గాజులూ ఉన్నాయి, ఈయన పీఎఫ్ మీద తీసే అప్పు ఉంది, బంటుమిల్లిలో మా చిన్నమ్మ ఇస్తానన్న చేబదులు ఉంది. రిజిస్ట్రేషన్ ఖర్చూ, పెంకుల మరమ్మతూ కూడా అందులోంచే రావాలి. అంటే లక్షా యాభైలో, మహా అయితే లక్షా అరవైలో బేరం తెగాలి. లేకపోతే అద్దె వాటాలోనే ఉండిపోవాలి.

బేరానికి గుడివాడ నుంచి జోసెఫ్ బావని పిలిపించాం. మా అక్క భర్త. ధాన్యం బ్రోకరు. బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని, వేపాకు నమిలినట్టు మొహం పెట్టి, పండించిన రైతుకే తన ధాన్యం మీద అనుమానం పుట్టించేవాడు. రిక్షాలో వెళ్తుంటే దారంతా నాకు పాఠం చెప్పాడు.

"చూడు సుగుణా, ఇల్లు ఎంత నచ్చినా మొహంలో కనపడనియ్యమాక. పక్కింటోళ్ళ పిల్లాడి మార్కులు చూసినట్టు చూడాలి."

"అలాగే బావా."

"ధర నేను మాట్లాడతా. లక్షా ముప్ఫై దగ్గర మొదలెడతా. ఆవిడ కుదరదంటుంది, మనం లేస్తాం, మళ్ళీ కూర్చోబెడుతుంది. అరవై దాటనివ్వను. నువ్వు మాత్రం ఆవిడ దగ్గర నోరు తెరవమాక."

"తెరవను బావా."

"తమ్ముడూ, నువ్వో?"

మావారు తల ఊపారు. నోరు తెరవకుండా ఉండటం ఆయనకు పెళ్ళైనప్పటి నుంచీ అలవాటే.

గేటు తీసి లోపలికి అడుగుపెట్టగానే నా కాళ్ళు నేల మీద లేవు. బావ మాత్రం అప్పుడే పనిలో దిగాడు.

"పెంకులు జారినియ్యండీ టీచర్‌గారూ."

"జారాయి బాబూ," అన్నారు మార్తమ్మగారు నెమ్మదిగా.

"పంపులో నీళ్ళు ఉప్పగా ఉన్నయ్యే!"

"బందరులో తియ్యటి నీళ్ళు పంపులో రావాలంటే పైనుంచి పంచదార పొయ్యాలి బాబూ."

"రోడ్డుకంటే ఇల్లు పల్లంలో ఉందండీ. నాలుగు చినుకులు పడితే నీళ్ళు గుమ్మంలోకొస్తాయి."

"వస్తాయి. కాసేపుండి పోతాయి."

ఈ సంభాషణ నాకు ఎక్కడో దూరంగా, రేడియోలో వస్తున్నట్టు వినపడుతోంది. ఎందుకంటే అప్పటికి నేను వెనక గదిలో తూర్పు కిటికీ దగ్గర ఉన్నాను. మనిషి కూర్చునేంత వెడల్పు గట్టు దానికి. కూర్చున్నాను. మధ్యాహ్నపు సముద్రపు గాలి, ఉప్పు వాసనతో, ఎవరో ఎండబెట్టిన చేపల వాసనతో, మెల్లగా వచ్చి నా మొహాన్ని తడిమింది. అంతే, ఇంక నేను ఈ లోకంలో లేను. ఆ గట్టు మీద, ఇంకా పుట్టని నా కూతురు కాళ్ళాడిస్తూ జడ వేయించుకుంటోంది. గోడకు మేకు ఉంది, మేకుకు నా గొడుగు ఉంది. ఏళ్ళు గాలిలో తేలిపోతున్నాయి. కూతురు పెద్దదైపోయింది. నేను నెరిసిన జుట్టుతో అదే కిటికీ దగ్గర కళ్ళజోడు పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. నిజం చెబుతున్నాను, అంత హాయి నా జీవితంలో మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

"సుగుణా, గోడకి చెమ్మెక్కింది, చూశావా?" బావ గొంతు.

చూశాను. చెమ్మ కూడా నాకు మబ్బులా ముద్దుగా కనపడింది. కానీ మాట ఇచ్చాను కాబట్టి "ఊ" అని మాత్రం అన్నాను. ఎంత నిగ్రహమో గమనించండి.

ముందు గదిలో టీ వచ్చింది. అసలు బేరం ఇప్పుడు మొదలవ్వాలి. అయితే మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పెళ్ళిచూపులు కానివ్వండి, పొలం కొలతలు కానివ్వండి, నలుగురు కూర్చుంటే ముందు ప్రార్థన, తర్వాతే మాట. ఒకరు పైకి చేస్తారు, మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని వింటారు. మధ్యలో ఆపడం ఉండదు.

"సుగుణా, నువ్వు చెయ్యమ్మా," అన్నారు మార్తమ్మగారు. "చర్చి స్త్రీల సమాజంలో నీ ప్రార్థన వింటుంటే నాకు కళ్ళెంబడి నీళ్ళొస్తాయి."

"చిన్నది చాల్లే సుగుణా," అన్నాడు బావ. అతనికి ఏదో కీడు తోచి ఉంటుంది.

నేను కొంగు నెత్తిన వేసుకుని కళ్ళు మూసుకున్నాను.

"కృపగల తండ్రీ, ఈ మధ్యాహ్నం మమ్మల్ని ఇక్కడికి నడిపించినందుకు స్తోత్రం."

"స్తోత్రం," అన్నారు అందరూ.

"ఈ టీని, ఈ బిస్కట్లని దీవించు."

ఇక్కడ ఆపి ఉంటే నేనివాళ ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. కానీ కళ్ళు మూసుకున్నాను కదా, మళ్ళీ ఆ తూర్పు గాలి వచ్చింది, మళ్ళీ ఆ గట్టు మీద కూతురు కనపడింది.

"తండ్రీ, ఈ ఇల్లు ఎంత బాగుంది! ఆ కిటికీ నా కోసమే పెట్టించావు."

బావ దగ్గాడు.

"పెంకులు జారాయని బావ వంక పెడుతున్నాడు గానీ, ఆ సందుల్లోంచి పడే ఎండ కూడా నాకు ముద్దొస్తోంది తండ్రీ."

"ఆమెన్!" అన్నాడు బావ, వీధిలోకి వినపడేలా. అతను కూడా కదిలిపోయాడనుకున్నాను.

"ఆమెన్ తండ్రీ. రెండు లక్షల పాతిక మావల్ల కాదని నీకు తెలుసు. లక్షా ముప్ఫై దగ్గర మొదలెడతానన్నాడు బావ. నీ దగ్గర దాచేదేముంది? గొలుసూ గాజులూ, ఈయన పీఎఫ్ అప్పూ, చిన్నమ్మ ఇస్తానన్నదీ అంతా కలిపితే లక్షా ఎనభై."

మావారు నా కాలి బొటనవేలు తొక్కారు. అది ప్రోత్సాహమే అనుకున్నాను.

"ఆ లక్షా ఎనభైని టీచర్‌గారి కళ్ళకు కొండంత చేసి చూపించు తండ్రీ, ఆమెన్."

బావ నన్ను నోరు తెరవొద్దన్నది మార్తమ్మగారి దగ్గర. దేవుడి దగ్గర తెరవొద్దని చెప్పలేదు. ఆ తేడా నాకు చాలా స్పష్టంగా ఉంది. ఆవిడ అక్కడే, మూరెడు దూరంలో, చెవులు రిక్కించి కూర్చున్నారన్న సంగతే కాస్త మరిచిపోయాను.

కళ్ళు తెరిచేసరికి మార్తమ్మగారు కొంగుతో కళ్ళొత్తుకుంటున్నారు. బావ చేతిలో బిస్కట్టు టీలో విరిగి పడిపోయింది. అతను చూసుకోలేదు.

"ఎంత బాగా చేశావమ్మా!" అని ఆవిడ బావ వైపు తిరిగారు. "చెప్పండి బాబూ, ఏదో ధర అనుకుంటున్నారట?"

బావ గొంతు సవరించుకున్నాడు. అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు కదా. "అదేనండీ... పెంకులూ, చెమ్మా అన్నీ చూసుకుంటే... లక్షా ముప్ఫై..."

"అమ్మాయి లక్షా ఎనభై ఉందంది కదా?"

"అబ్బే, అది ఆవేశంలో ఏదో..."

"ప్రార్థనలో అబద్ధం చెప్పిందంటారా బాబూ?"

బావ నా వైపు చూశాడు. అవునంటే మరదలు దేవుడికే అబద్ధం చెప్పినట్టు. కాదంటే డబ్బు ఉన్నట్టు. గుడివాడ మొత్తాన్నీ బేరాల్లో ఓడించిన మనిషి, ఆ గదిలో కుర్చీకి అతుక్కుపోయాడు.

"అబద్ధం... కాదండీ," అన్నాడు చివరికి.

"మరింకేం. దేవుడి సన్నిధిలో అడిగింది కాబట్టి నలభై అయిదు వేలు వదిలేసుకుంటున్నాను. లక్షా ఎనభై. ఇంతకుమించి తగ్గించమని మీరూ అడగొద్దు, పెంచమని నేనూ అడగను."

నేను ఆనందం పట్టలేక "స్తోత్రం" అన్నాను. అన్నది నేనొక్కదాన్నే.

బయటికి వచ్చాక, "నలభై అయిదు వేలు తగ్గించారు బావా!" అన్నాను గర్వంగా. అతను రిక్షా ఎక్కకుండా బస్టాండు దాకా నడిచి వెళ్ళిపోయాడు. పాపం, తర్వాత రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా అతనే సర్దాడు. డబ్బు చేతిలో పెడుతూ, "ఈ సంగతి మాత్రం ఎక్కడా ప్రార్థనలో చెప్పమాక తల్లీ," అన్నాడు.

పెంకుల మరమ్మతుకు పైసా మిగల్లేదు. గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్న రోజునే తొలకరి మొదలైంది. వచ్చినవాళ్ళంతా గిన్నెలకూ బకెట్లకూ దారిస్తూ చాపల మీద సర్దుకున్నారు. మార్తమ్మగారు అవనిగడ్డ నుంచి బస్సులో వచ్చారు. పాస్టరుగారు గౌరవంగా, "ఈ ఇంట్లో ఇన్నేళ్ళు ఉన్నవారు, మీరు ప్రార్థన చెయ్యండమ్మా," అన్నారు.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

"తండ్రీ, ఎన్నాళ్ళు చూసినా ఈ ఇంటికి ఎవ్వరూ రాలేదు. లక్షన్నర ఎవరిచ్చినా ఇచ్చేసి పోదామని నేను బట్టలు సర్దుకుని కూర్చున్న సంగతి నీకు తెలుసు. నేను అడక్కుండానే, ఈ పిల్ల నోటి ద్వారా ఇంకో ముప్ఫై వేలు ఇప్పించావు. ఆ డబ్బుతో నా చెల్లెలి కంటి ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడు అది నన్ను చూసి గుర్తుపడుతోంది. స్తోత్రం తండ్రీ!"

"స్తోత్రం!" అన్నారు ఇంటినిండా జనం. బావ "హల్లెలూయ" అన్నాడు గానీ, అది హల్లెలూయలా లేదు.

నేను కళ్ళు తెరిచి ఆవిడ వైపు చూశాను. కోపం తెచ్చుకుందామని గట్టిగా ప్రయత్నించాను. ఆ ముసలి మొహంలో ఎంత సంతోషం ఉందంటే, నాకు కోపం రానే లేదు. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను. ముప్ఫై వేల రూపాయల ఆమెన్ అది. మా వంశంలో ఇంత ఖరీదైనది ఇంకెవరూ అని ఉండరు.

అప్పుడే, నెత్తిన చుక్క చుక్కగా వాన పడుతుండగా, ఘనంగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఇల్లు కాదు కదా, కిలో వంకాయలు కొన్నా సరే, ధర తెగేదాకా కళ్ళు మూయను. నా దగ్గర ఎంతుందో ఆ దేవుడే దిగివచ్చి అడిగినా, బావతో మాట్లాడుకోమంటాను. ఈ ప్రమాణం మాత్రం పెదవి కదపకుండా, మనసులోనే చేశాను. పక్కనే మార్తమ్మగారు కూర్చుని ఉన్నారు మరి.