మంచు మీద చుక్క

గ్రాఫ్ కాగితం మీద సరిగ్గా చుక్క పెట్టడం నాకు బడిలో ఎంతకీ రాలేదు. "ముందు అడ్డంగా నడువు, తర్వాత పైకి ఎక్కు" అని లెక్కల టీచరు నెత్తీ నోరూ కొట్టుకునేది. నేను ముందే ఎక్కేసేదాన్ని. చివరికి ఆ చుక్కలే నాకు కూడు పెడుతున్నాయి. హైటెక్ సిటీలో మ్యాపులు తయారుచేసే ఆఫీసులో రోజంతా వాటిని సరిచూడడమే నా పని. తమాషా ఏమిటంటే, మ్యాపుల వాళ్లు పైకి ఎక్కే అంకెనే ముందు రాస్తారు. అందుకే అంకెలు తారుమారు కావడం మాకు మామూలే.

ఒకసారి ఎవరో రెండు వరుసలూ అటుదిటు చేసి ఫైలు పంపారు. కొండాపూర్ సందులన్నీ వెళ్లి ఉత్తర ధ్రువం దగ్గర ఒక మంచు దీవి మీద పడ్డాయి. ఊరు పక్కకు తిరిగి పడుకున్నట్టుంది. అందరూ నవ్వారు. నేను మా అపార్ట్‌మెంట్ చుక్క వెతుక్కున్నాను. దొరికింది. చుట్టూ ఒక దారి లేదు, ఒక పేరు లేదు, అంతా తెలుపే. మా అమ్మాయి పడుకునే గది అక్కడుందని అనిపించి ఒళ్లు జలదరించింది.

ఈ ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు నడుస్తుండగా, ఒంటిగంటన్నరకు, నేను వచ్చేదాకా పాపను చూసుకునే పక్కింటావిడ ఫోన్ చేసింది. "పాప ఇంకా రాలేదండీ. వ్యాను గానీ ఆలస్యమా?"

వెంటనే స్కూలు వ్యాను డ్రైవరుకు చేశాను.

"అందర్ని దింపిన మేడమ్. మీ గేటు కాడ గూడ ఆగిన. బండి పెట్టేసి ఇంటికొచ్చి అన్నం తింటున్న. ఫికర్ చేయకుండ్రి."

ఎక్కడుందో ఫోన్‌లో చూపించే వాచీ ఒకటి అమ్మాయి చేతికి కట్టి పంపుతాను. ఫోన్‌లో దాని మ్యాపు తెరిచి చూస్తే అంతా తెలుపు. ఆ తెలుపు మధ్యలో మా అమ్మాయి నీలం చుక్క. కదలడం లేదు.

"వాచీ పాడైంది, అంతే" అన్నాడు పక్క సీటతను తొంగిచూసి.

ఆ తెలుపు నాకు తెలుసు.

చుక్క కింద అంకెలు చూశాను. ముందు డెబ్బై ఎనిమిది, తర్వాత పదిహేడు. మన ఊరికైతే పదిహేడు ముందుండాలి. చీటీ మీద తిరగేసి రాసుకుని ఆఫీసు మ్యాపులో కొట్టాను. కొత్తగూడ ఫ్లైఓవర్ వెనక, ఒక ఖాళీ స్థలం.

మళ్లీ డ్రైవరుకు చేశాను. "బండి ఎక్కడ పెట్టావు?"

"కొత్తగూడల, బ్రిడ్జి ఎనక. ఏమైంది మేడమ్?"

"పరుగెత్తు! నా బిడ్డ అందులోనే ఉంది!"

నేను ఆటోలో చేరేసరికి వ్యాను తలుపు తీసి ఉంది. డ్రైవరు ఏడుస్తూ అమ్మాయిని ఎత్తుకుని దిగుతున్నాడు. నిద్రలో వెనక సీటు కిందికి జారిపోయిందట, అతను చూసుకోకుండా తాళం వేశాడు. తలుపు రేకు తగిలి నా చెయ్యి చురుక్కుమంది. అమ్మాయి యూనిఫాం చెమటకు తడిసి ముద్దయింది. రెండు చేతులతో నా మెడను కరుచుకుంది. పళ్లు టకటకమంటున్నాయి.

"అమ్మా, చలి."

ఎండదెబ్బకు ఒక్కోసారి అలా వణుకు వస్తుందని ఆసుపత్రిలో చెప్పారు. నమ్మాను. సాయంత్రానికి లేచి కూర్చుని ఇడ్లీ తింది. అప్పుడు బయటికి వెళ్లి, ఆసుపత్రి మెట్ల మీదే కూర్చున్న డ్రైవరును నోటికొచ్చినట్టు తిట్టాను, తిడుతూనే ఏడ్చాను.

వాచీ మార్చేశాం, వ్యానూ మార్చేశాం. అయినా రోజూ ఆఫీసు నుంచి బయలుదేరే ముందు ఆ దీవిని తెరుస్తాను. అక్కడ ఎవరూ లేరని చూసుకున్నాకే కంప్యూటర్ కట్టేస్తాను.