రెండుసార్లు ఎక్కువైన పద్యం

డెబ్బైల్లో నాన్న రేపల్లె నాటకంలో పాడిన పద్యం స్పూల్ టేపు మీద ఉంది. దాన్ని బాగుచేయమని తెనాలిలో ఒక స్టూడియోకి ఇచ్చాను. ఈ రోజు ఇద్దరం వెళ్లి విన్నాం. గొంతు నిన్న పాడినంత స్పష్టంగా ఉంది, కానీ నాన్న ముఖం మాడిపోయింది.

"ఒకే పద్యం మూడుసార్లు ఉందండి. రెండు తీసేశాను. ఈలలూ, అరుపులూ కూడా," అంటూ స్టూడియో అతను నా వైపు చూశాడు.

"అసలు టేపు ఉందా, పారేశావా?" నాన్న లేచి నిలబడ్డారు.

అతను లోపల వెతుకుతున్నంతసేపూ నాన్న గుమ్మం దగ్గరే ఉన్నారు. టేపు చేతికి వచ్చాకే నాన్న కూర్చున్నారు.

"మొదటిసారి నేను పాడాను బాబూ. తర్వాత రెండుసార్లు వన్స్ మోర్ అని అరిచి రేపల్లె జనం పాడించారు."

ఆ అరుపులు తీసేయమన్నది నేనేనని నాన్నకి ఇంకా చెప్పలేదు. మీరెవరూ ఫోన్ చేసి చెప్పకండి.